లేత నీలం నీళ్లు

వైటూకే రోజుల్లో మేము సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో ఉండేవాళ్లం. మావారు యూనివర్సిటీలో, నీళ్లలోని రాగిని పట్టుకునే పాలిమర్ పొర తయారుచేసేవారు. ఆ పనంటే ఆయనకు ప్రాణం. ఐటీలో ఉన్న మా తమ్ముడు పోరుపెడితే, ఈసారి రాగి వల్ల నీలంగా ఉన్న నీళ్లు పూర్తిగా తేటపడకపోతే జావా కోర్సులో చేరతానని మాటిచ్చారు.

ఆ సాయంత్రం ల్యాబ్‌లో ముగ్గురం బీకరు ముందు కూర్చున్నాం. తెల్లటి పొర నీలంగా మారింది.

"తేటపడ్డాయి బావా, యూ విన్!" అన్నాడు తమ్ముడు.

మావారు బీకరు వెనుక తెల్లకాగితం పెట్టి చూశారు. "లేదురా. ఇంకా లేత నీలం ఉంది."

"నాకేం కనిపించట్లేదే! ఇంత చిన్నదానికి రీసెర్చ్ వదిలేస్తావా?"

"నాకు కనిపిస్తోందిగా."

సోమవారం కోర్సులో చేరారు.

ఆయన పోయి ఏడాదైంది. కలిసి బతికిన అన్నేళ్లలో, ఆయన చెప్పినదాన్ని ఇంకొకరిని అడిగి సరిచూసుకోవాలని నాకు ఒక్కసారీ అనిపించలేదు.