ఇనుముకు మంచినీళ్లు

నీళ్లు లేని ఏటిమీద వంతెన కట్టడానికి పోయిన నేను, నీళ్లు లేని చోట తుప్పు కూడా ఉండదనుకున్నాను. నా తెలివి అంతవరకే పారింది. ఆ ఏరు అంత కూడా పారలేదు.

వంతెన దూలాల పొడుగునా గొట్టాలు పెట్టి, వాటిలో ఉక్కుతీగల కట్టలు దూర్చి, జాకీలతో బిగలాగుతాం. బరువు మోసేది అవే. తుప్పు పట్టకుండా గొట్టాల్లోకి వెంటనే సిమెంటు పాలు ఎక్కించాలి. సిమెంటుకు పర్మిట్లు కావలసిన రోజులు, సమయానికి రాలేదు. ఊరికే కూర్చోలేక గొట్టాలను బోరునీళ్లతో కడిగించి, బిరడాలు కొట్టించాను. ఆ నీళ్లతో స్నానం చేస్తే ఒంటిమీద ఉప్పు తెల్లగా పేరుకునేది. అయినా నాకు తోచలేదు.

సిమెంటు వచ్చిన రోజు బిరడా తీస్తే ఎర్రటి నీళ్లు కారాయి. తుప్పు తీగలది, తప్పు నాది. ఇక మంచినీళ్లతో కడిగి, గాలి కొట్టి, మంచినీళ్లతో కలిపిన సిమెంటు పాలే ఎక్కించాలి. ఆలస్యమైతే లోపల తీగ తెగేది పైకి కనబడదు. మీద బస్సు పోతున్నప్పుడు తెలుస్తుంది. కళ్లు మూస్తే ఆ బస్సే.

కంట్రాక్టరుకు టాంకరు ఉంది. అది ముదిగుబ్బ పక్కన ఆయన చీనీతోటకు, అదే బత్తాయి చెట్లకు, మంచినీళ్లు మోస్తోంది.

“చెట్లు సచ్చిపోతాండాయి సార్. బోరునీళ్లతోనే కానీండి. ఇనుమేమన్నా నోరు తెరిచి చెప్తాదా?”

బతిమాలాను. కదల్లేదు. పైవాళ్లకు చెప్పుకుందామంటే, కడిగించింది నేనే.

ఏటి ఇసుకలో ఆడవాళ్లు చెలమ తవ్వి, ఊరిన నీళ్లు గిన్నెతో తోడుకుంటున్నారు. సిగ్గు విడిచి బిందె పట్టుకుని నిలబడి, తీగల సంగతి చెప్పాను.

“ఏమప్పా, మా బిడ్డలకే చాల్లేదు. నీ ఇనుముకు తాపేదా?” అంది ఒక పెద్దావిడ. నా మొహం చూసి చెంబెడు నీళ్లు అందించింది. “నువ్వు తాగు. ఆడికి తీస్కపోయి ఇనుముకు పోసేవు!”

నిలబడి తాగాను. ఏడుపొచ్చింది.

మర్నాడు కంట్రాక్టరు వస్తే, వంటవాడితో బోరునీళ్ల టీ పెట్టించాను. పాలు విరిగితే, పాలు లేకుండానే ఇమ్మన్నాను. ఆయన ఒక గుక్క తాగి ఇసుకలోకి ఉమ్మాడు.

“ఏం టీ సార్ ఇది! మనిషి తాగుతాడా?”

“మన బోరునీళ్లే అన్నా. ఆ తీగలు ఇన్నాళ్లూ నోట్లో పెట్టుకోనుండాయి. పాపం, వాటికి ఉమ్మేది రాదు.”

ఆయన గ్లాసు కింద పెట్టి జీపెక్కాడు. సాయంత్రానికి టాంకరు వచ్చింది, వెనకే ఆయనా వచ్చాడు. మంచినీళ్లన్నీ ఇనుముకే. చివరి గొట్టం నిండేదాకా ఆయనకు ఆ బోరునీళ్ల టీయే పోయించాను.