బాపు సాంచ రాడ్లు

మా బావ లక్ష్మీరాజం గొప్పలు వినాలంటే సిరిసిల్లలో చెవులు అద్దెకు తెచ్చుకోవాలి. సాంచాలు, అంటే మరమగ్గాలు బాగుచేయడం ఆయన పని. ఆ చేతులతోనే, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను కోసే మిషన్ కూడా ఇంట్లో తయారుచేస్తానన్నాడు. మా అక్క మమతారాణి శుక్రవారం తెరవబోయే టైలరింగ్ షాపు బోర్డుకు ఆమె పేరు అక్షరాలు దానిమీదే కోసిస్తానన్నాడు. వెర్రిది, నమ్మి ఫ్లెక్సీవాడిని వద్దనేసింది.

కోసే మోటారు వంకరపోకుండా జారాలంటే దాని కింద తిన్నని రాడ్లుండాలి. అక్క తుక్కు దుకాణం నుంచి పాత ప్రింటర్లు రెండు తెచ్చింది. వాటిలో నున్నటి రాడ్లున్నాయి. బావ మూతి తిప్పాడు.

"కాయితాలు నమిలే డబ్బాల ఇనుమా? మా బాపు సాంచ ఇనుము ముంగట గిదెంత!"

తండ్రి పోయాక బావ ఆయన నేసిన సాంచాను తుక్కుకు అమ్మి, రెండు రాడ్లు మాత్రం దాచుకున్నాడు. వాటికే పసుపు కుంకుమ పెట్టి మిషన్‌కు బిగించాడు.

తెలుగు అక్షరాలన్నీ గుండ్రమాయె, వంకర దాగుతుందా? 'మ' కోడిగుడ్డయింది, 'ణ' నలిగిన జిలేబీ అయింది. తప్పు కరెంటుదట, చెక్కదట, చివరికి నా కళ్లదట! ఆడలేక మద్దెల ఓడన్నట్టు. సాంచాకు చేసే వైద్యమే దీనికీ చేసి, గ్లాసుడు నూనె పోశాడు. చెక్కపొట్టు దానికి అంటుకుని మోటారు కదలనేలేదు.

గురువారం సాయంత్రం అక్క ఒక రాడ్డు ఊడదీసి షాపు అద్దం మీద పెట్టింది.

"జర వంగి చూడు."

రాడ్డు కింద రెండుచోట్ల వెలుతురు కనిపించింది. ఏళ్లతరబడి తిరిగి అరిగిన చోట్లవి.

"మా బాపు అరగదీసిండు," అన్నాడు బావ.

"బతికున్నన్ని దినాలు రెక్కలు ముక్కలు చేసుకుండు. పోయినంక గూడ పనికి తోలుతవా?" అంది అక్క.

బావ రెండో రాడ్డు తనే ఊడదీసి, నూనె జిడ్డంతా తుడిచాడు. ప్రింటర్ రాడ్లు బిగించాడు. అవి పొట్టివి కాబట్టి ఒక్కో అక్షరమే విడిగా కోశాడు. గుండ్రంగా వచ్చాయి.

శుక్రవారం బోర్డెక్కింది. వచ్చినవాళ్లందరికీ బావ, "అంత నా తెలివే!" అని చెప్పుకున్నాడు. సిగ్గుండాలి!

తన మామగారి రాడ్లను అక్క కడిగి లోపలి గోడకు బిగించింది. కుట్టిన జాకెట్లు తగిలించడానికి బాగుంటుందని నేనొకటి వేయబోయాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం ఎయ్యకురా. మా బాపు డ్యూటీ అయిపోయింది."