నా సాక్ష్యంలో మా నాయన

ఎవరికీ చెప్పుకోలేని మాట ఒకటి ఇన్నేళ్లుగా మోస్తున్నాను. రోజూ పొద్దున్నే మోకరించి చిన్నాపెద్దా తప్పులన్నీ దేవునితో ఒప్పుకుంటాను. ఇది మాత్రం గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. దేవునికి తెలియదా? తెలుసు. కానీ నేను అబద్ధం చెప్పింది మనుషులతో. మనుషులకే తెలియాలి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో మొదలుపెడుతున్నాను.

మాది ఆళ్లగడ్డ. మా నాయన ఇళ్లకు సున్నాలు, రంగులు వేసేవాడు. సున్నం పడీ పడీ ఆయన కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. క్రిస్మస్ వస్తోందంటే మా చర్చి గోడలకు కూలి తీసుకోకుండా సున్నం కొట్టేవాడు. పెద్దగా మాట్లాడడు. బీడీ కూడా ముట్టని మనిషి.

నేను నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు యువకుల కూటాలకు పోయేవాణ్ని. అక్కడ ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెబుతారు. ముందు ఎట్లా బతికారో, ప్రభువు తమను ఎట్లా మార్చాడో చెప్పుకోవడమే సాక్ష్యం. ఒకరోజు నాకంటే ముందు ఒకతను చెప్పాడు. కత్తి పట్టుకుని తిరిగినవాడు. అతను ఏడ్చాడు, హాలంతా ఏడ్చింది. తర్వాత నా వంతు. నాకేముంది చెప్పడానికి? సండే స్కూలు, పరీక్షలు, అమ్మ చేతి సంగటి. ఇంత చప్పటి బతుకును దేవుడు కొత్తగా మార్చేదేముందని సిగ్గేసింది. లేచి నిలబడి, "మా నాయన రోజూ తాగొచ్చి మా అమ్మను కొట్టేవాడు" అన్నాను.

ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు అని రాయబోయాను. అదీ అబద్ధమే. నా వంతు కోసం కూర్చున్నప్పుడే మనసులో తయారుచేసుకున్నాను.

ముందు వరుసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయాక పెద్దలు వచ్చి భుజం తట్టారు. ఆ మెప్పు రుచి మరిగాను. కోయిలకుంట్లకు పిలిచారు, చాగలమర్రికి పిలిచారు. పోయినచోటల్లా కథ పెరిగింది. మా అమ్మ ఒకసారి కొళాయి దగ్గర పాచి మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ చేతిని కూడా వదల్లేదు నేను. నాయన కర్రతో కొట్టి విరిచాడన్నాను. చివర్లో, నా ప్రార్థన విని ప్రభువు ఆయనతో తాగుడు మాన్పించాడని ముగించేవాణ్ని. జనం హల్లెలూయ అనేవాళ్లు. థూ, ఏం మనిషినండీ నేను!

శిరివెళ్ల కూటానికి నాకు చెప్పకుండా అమ్మా నాయనా వచ్చారు. కొడుకు మాట్లాడతాడని ఎవరో చెప్పారట. నాయన ఉతికిన తెల్లచొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. ఇక్కడ దాచకూడదు. నేను నోరు విప్పకముందే వాళ్లను చూశాను. వేరే ఏదైనా చెప్పి ఉండొచ్చు. ఒంట్లో బాగాలేదని దిగిపోయి ఉండొచ్చు. కానీ నన్ను పిలిచినవాళ్లు ఆ ఏడుపు కథ కోసమే పిలిచారు, అది చెప్పకపోతే మళ్లీ పిలవరు, పేరు పోతుందని భయపడ్డాను. ఎవరి పేరు? నాదే. కర్రా, చెయ్యీ, అన్నీ చెప్పాను. నాయన తల వంచుకుని గోళ్లలో సున్నం చూసుకుంటూ కూర్చున్నాడు.

బస్సులో ఆళ్లగడ్డకు తిరిగి పోతున్నాం.

"నేను యాడ తాగితిరా?" అన్నాడు నాయన మెల్లగా. కోపం లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు.

"దేవుని పని కోసం నాయనా. అది ఇని శానామంది మారతాండారు."

"నా చెయ్యి కొళాయి కాడ ఇరిగింది కదరా, నీకు తెల్దా?" అంది అమ్మ.

నేను కిటికీ వైపు తిరిగాను. నాయనే అన్నాడు. "పోనీలే. మారతాంటే మంచిదేలే. మన ఊర్లో మాత్రం చెప్పొద్దు."

నేను చెప్పలేదు. అయినా కథ ఊరికి చేరింది. మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు ఒక ఆదివారం సంతోషంతో నాయనను లేపి నిలబెట్టాడు. "తాగుడు మానేసినావు కదా అన్నా?" అని అందరి ముందూ అడిగాడు. నాయన నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. కొడుకు పరువు కోసం ఆయన తల ఊపాడు. అమ్మ లేచి బయటికి పోయింది. మళ్లీ ఆ చర్చి గడప తొక్కలేదు.

ఆ ఎర్ర కళ్లు చూసినప్పుడే అనుకున్నామన్నారు జనం. ఆడవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లకు ఆయనను పనికి పిలవడం మానేశారు. పని తగ్గింది. చర్చికి మాత్రం ఏటా సున్నం కొడుతూనే వచ్చాడు. ఆయన పోయినప్పుడు సమాధి దగ్గర పాస్టరు, ఒక తాగుబోతును ప్రభువు మార్చాడన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

ప్రభువులో కొత్త మనిషినయ్యానని చెప్పుకుని తిరిగాను. దానికి పాడైన పాత బతుకు ఒకటి కావాలి కదా. నాకు లేకపోతే మా నాయన బతుకును పాడు చేశాను.

అమ్మ ఇప్పుడు నంద్యాలలో నా దగ్గరే ఉంది. పోయిన వారం జ్వరంతో పడుకుని ఉంటే గంజి తాగించాను. తాగి, నా ముఖం చూసి, "నేను పోయినాక నన్నేమని చెప్తావురా?" అంది. నేను గంజి గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయాను.

వచ్చే ఆదివారం ఆళ్లగడ్డ చర్చిలో లేచి నిలబడాలి. అమ్మను రమ్మనలేదు, అడిగే ముఖం లేదు. నేను పిరికివాణ్ని. ఆ రోజు నోరు పెగలకపోవచ్చు. అందుకే వెనక్కి తీసుకునే వీల్లేకుండా ముందు ఇక్కడ రాస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సినాయన లేడు. రాశాక ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.

మా నాయన తాగలేదు. ఒక్కనాడూ తాగలేదు. అమ్మ మీద చెయ్యెత్తలేదు. ఆమె చెయ్యి విరిగినప్పుడు పొద్దున్నే లేచి సంగటి కెలికి, నాకు పెట్టి, ఆమెకు తినిపించి, తల దువ్వి జడ వేసి, అప్పుడు నిచ్చెన భుజాన వేసుకుని పనికి పోయేవాడు. జడ వంకరగా వచ్చేది. అమ్మ దాన్ని విప్పకుండా సాయంత్రం దాకా అట్లాగే ఉంచుకునేది.