కొట్లో పాడింది, మందిరంలో పాడలేదు

నేను ఒక పాటకి తాళం వేశాను. ఆ సంగతి తెలియవలసిన మనిషి నా ఎదురుగా నిలబడి అడిగినప్పుడు చెప్పలేదు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఇదే. ఇంతేనా అంటారేమో మీరు. అనండి. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒకరి ఇల్లు కూల్చానా, ఒకరి నోటి దగ్గర కూడు లాక్కున్నానా అని నా తరపున నేనే వకాల్తా పుచ్చుకుని వాదించాను. ప్రతిసారీ గెలిచాను కూడా. గెలిచిన రోజున అన్నం సహించేది కాదు.

పేరు చెప్పను. విజయనగరంలో నన్ను ఎరిగినవాళ్లు చదివితే ఎలాగూ పోల్చుకుంటారు. అప్పట్లో కోటకు వెళ్లే దారిలో నాకు పాటల కొట్టు ఉండేది. ముందు గదిలో క్యాసెట్లు, సీడీలు. వెనక గదిలో గోడలకి గోనెసంచులూ పాత పరుపులూ కొట్టి రికార్డింగు గది అనిపించాను. భజన బృందాలు, చర్చి పాటలవాళ్లు వచ్చి పాడేవారు. నేను డిస్కులు అచ్చు వేయించి అమ్మేవాణ్ణి. బాగానే నడిచేది.

తర్వాత వీధి వీధికీ కంప్యూటరు సెంటరు వచ్చింది. నా డిస్కు ఒకటి అమ్ముడైతే చాలు, సాయంత్రానికి ఊరంతా దాని కాపీలే. బస్టాండు దగ్గర పట్టా పరిచి, నా అట్టనే జిరాక్సు తీసి, నా కళ్ల ముందే అమ్మేవారు. కడుపు రగిలిపోయేది. అది నిజం, దాన్ని తక్కువ చేసి చెప్పను. నా కోపం న్యాయమైనదే. ఆ కోపాన్ని చూపించి తర్వాత చేసినదంతా న్యాయమే అనుకున్నాను, అక్కడ తప్పింది.

డిస్కులు అచ్చు వేసేవాళ్లు ఒకరోజు చెప్పారు, కొత్తగా తాళం వచ్చిందని. తాళం వేసిన డిస్కు మామూలు ప్లేయర్లో పాడుతుంది. కంప్యూటర్లో పెడితే మూగబోతుంది. కాపీ తీసేది కంప్యూటర్లోనే కదా, దొంగల ఆట కట్టు. వినగానే ప్రాణం లేచివచ్చింది. ఒక చిక్కు ఉందని కూడా వాళ్లే చెప్పారు. కొన్ని కొత్తరకం ప్లేయర్లు లోపల కంప్యూటరు లాంటివేనట, వాటిలోనూ పలకకపోవచ్చు, ఆ ముక్క అట్ట మీద వేయించమన్నారు. నేను వేయించలేదు. 'ఈ డిస్కు మీ ఇంట్లో పాడకపోవచ్చు' అని రాసి ఉంటే ఎవరు కొంటారు చెప్పండి?

తాళం వేయించిన మొదటి డిస్కు సారమ్మది.

సారమ్మ నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో పని చేసేది. అక్కడి బాప్టిస్టు సంఘంలో పాట ఎత్తేది ఆమే. పాటలు తనే కట్టేది. ఉప్పు లాగేటప్పుడు చేతులు ఏ ఊపులో కదులుతాయో ఆ ఊపులోనే ఉండేవి అవి. గొంతు సన్నం కాదు, కాస్త గరుకు. నా గోనెసంచుల గదిలో ఆమె పాడుతుంటే మీటలు తిప్పడం మరిచిపోయి వింటూ కూర్చున్న రోజులున్నాయి. నన్ను కోరింది ఒక్కటే.

"ఎవులైనా ఇనీలాగుండాల బాబూ. సదువు రానోలు కూడా ఇని నేర్సుకోవాల."

సరేనమ్మా అన్నాను. తాళం మాట ఎత్తలేదు. పాట ఆమెది, గొంతు ఆమెది. తాళం మాత్రం నాది.

అట్ట మీద ఆమె ఫొటో వేయించింది కూడా నేనే. "దేవుడి పాటకి నా బొమ్మెందుకు బాబూ" అని మొత్తుకుంది. మొహం కనిపించకపోతే డిస్కు కదలదని నచ్చజెప్పాను. చివరికి గంజి పెట్టిన చీర కట్టుకుని స్టూడియోలో బిగుసుకుని కూర్చుంది. సంఘంలో కొందరు పెద్దలకి ఆ ఫొటో నచ్చలేదని తర్వాత తెలిసింది.

డిస్కులు బజారులోకి వెళ్లిన వారం నుంచే తిరిగి రావడం మొదలైంది. పాడటం లేదు, ఆగిపోతోంది, కొత్త ప్లేయర్లో గుయ్యిమంటోంది. దానికి నేను ఒక ఉపాయం కనిపెట్టాను. మిమ్మల్ని దగ్గరివాళ్లుగా అనుకుని చెబుతున్నాను, దీనికే నాకు ఎక్కువ సిగ్గు. కౌంటరు మీద ఒక పాత ప్లేయరు పెట్టాను. తాళం గీళం ఎరగని పాత సరుకు. ఎవరు డిస్కు పట్టుకొచ్చినా మెత్తటి గుడ్డతో తుడిచేవాణ్ణి, వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసేవాణ్ణి, ఆ ప్లేయర్లో పెట్టేవాణ్ణి. శుభ్రంగా పాడేది. "సూడండి, డిస్కు మంచిదే. మీ మిషన్లోనే ఏదో ఉన్నాది" అనేవాణ్ణి. వచ్చినవాళ్లు తమదే తప్పన్నట్టు మొహం పెట్టుకుని వెళ్లిపోయేవారు.

ఒక్క లెక్చరరు గారు మాత్రం వెళ్లలేదు. పాడేదీ పాడనిదీ అట్ట మీద రాయకుండా అమ్మడం కొన్నవాణ్ణి మోసం చేయడమేనని, వినియోగదారుల ఫోరానికి రాస్తానని నిలబడ్డారు. ఆయనకి కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, డబ్బు వాపసు ఇచ్చి పంపాను. అంటే నాకు తెలుసన్నమాట. హక్కు అడిగినవాడికి కాఫీ, అడగడం తెలియనివాడికి గుడ్డతో తుడుపు. ఆ మర్నాడు కూడా పాత ప్లేయరు కౌంటరు మీదే ఉంది.

వరి కోతలు అయ్యాక ఒక సోమవారం పూట సారమ్మ వచ్చింది. పాసింజరు బండి దిగి తిన్నగా కొట్టుకి వచ్చినట్టుంది, కొంగుకి ఇంకా దుమ్ము ఉంది. వెంట కూతురు కరుణ. జరిగింది ముందు కరుణే చెప్పింది.

మీకు తెలుసో లేదో, మా వైపు చర్చిల్లో కోతల పండగ చేస్తారు. ఎవరి కష్టంలో మొదటి ఫలం వాళ్లు తెచ్చి ప్రార్థన బల్ల ముందు పెడతారు. రైతులు వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు తెస్తే, మడుల్లో పనిచేసేవాళ్లు ఉప్పు తెస్తారు. సారమ్మ ఏటా ఉప్పు మూట పెట్టేదట. ఆ ఏడు ఉప్పు మూట మీద తన డిస్కు పెట్టింది. పాస్టరు గారు సంతోషించి, పాట విన్నాకే ప్రార్థన మొదలుపెడదాం అన్నారు. చర్చికి కొత్తగా కంప్యూటరు వచ్చింది. దాన్ని మైకులకి కలిపి డిస్కు పెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. పాట రాలేదు. తీసి మళ్లీ పెట్టారు. రాలేదు. వేరేవాళ్ల డిస్కు పెడితే గుడంతా మోగిపోయింది. సారమ్మది పెడితే మళ్లీ అదే మౌనం. వెనక వరసలోంచి ఎవరో, "బొమ్మేయించుకున్నాది కదా మరి" అన్నారట.

కరుణ చెబుతుంటే నా చేతులు వాటంతట అవే గుడ్డ తీసుకున్నాయి. డిస్కు తుడిచాను. వెలుతురులో తిప్పాను. పాత ప్లేయర్లో పెట్టాను.

పాడింది. సారమ్మ గొంతు కొట్టంతా నిండింది. క్యాసెట్లు చూసుకుంటున్నవాళ్లు తలలు తిప్పారు.

"సూసినారా అమ్మా, డిస్కు మంచిదే. మీ మిషనే బాగోలేదు" అన్నాను. అలవాటైన మాట. నోరు దానంతట అదే అనేసింది.

సారమ్మ ప్లేయరు వైపే చూస్తోంది. "మిషను కొత్తది బాబూ. అందరి పాటా పాడినాది."

"అలాగవుతాదమ్మా ఒకోపాలి."

"నీ కొట్లో పాడతన్నాది. దేవుడి మందిరంలో పాడనేదు." ఆమె గొంతు తగ్గిపోయింది. "అయితే మిషను కాదు బాబూ. నానే. నా పేరు సూసుకుని మురిసిపోనాను. ఆయన నా కానుక ముట్టనేదు."

ఇక్కడే నేను నోరు విప్పవలసింది. కాదమ్మా, నేను వేయించిన తాళం, కంప్యూటర్లో పాడదు, దేవుడికీ దీనికీ సంబంధం లేదు. ఇంతే. ఊపిరి తీసుకున్నంత సేపు పట్టదు. ఎందుకు చెప్పలేదు? కొట్లో ఉన్న నలుగురూ వింటారని. షెల్ఫులో ఇంకా తాళం డిస్కులు ఉన్నాయని. ఒకరికి ఒప్పుకుంటే రేపు అందరికీ ఒప్పుకోవాలని. ఇవన్నీ నిజమే, కానీ ఇవేవీ అసలు కారణం కాదని నాకు అనిపిస్తుంది. తప్పుని ఆమె తన మీద వేసుకుంది. నా మీద నుంచి పోయింది. ఆ క్షణాన లోపల ఎక్కడో నాకు హాయి అనిపించింది. అవును, హాయి. దానికి నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆమె డిస్కు కొంగులో చుట్టుకుని, నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత ఏడాది ఆ సంఘంవాళ్లు పాటలు రికార్డు చేయడానికి వచ్చారు. సారమ్మ రాలేదు. "ఆవిడ పాడటం మానేసినాది. గుళ్ళో కూడా నోరిప్పదు" అన్నారు. ఎందుకని అడగలేదు నేను. మీటలు సరిచేసుకుంటూ తల ఊపాను. నౌపడ ఎంత దూరం? పొద్దున్న బండెక్కితే సాయంత్రానికి ఇంటికొచ్చి పడొచ్చు. ఎన్ని పండగలకి వెళ్దామనుకున్నానో, ఎన్నిసార్లు స్టేషను దాకా వెళ్లి టిఫిను తిని వెనక్కి వచ్చానో. ఇక ఆ తాళమా? పెద్దగా ఏం కాపాడలేదు. కాపీలు తీసేవాడు దానికీ దారి కనిపెట్టాడు. పట్టా మీద సారమ్మ డిస్కు కాపీ నిక్షేపంగా అన్ని ప్లేయర్లలోనూ పాడేదట. డబ్బు పెట్టి నా దగ్గర కొన్నవాళ్లకే మూగబోయింది. కంచే చేను మేసిందంటే ఇదే. కొన్నాళ్లకి ఫోన్లొచ్చి డిస్కులనే మింగేశాయి. ఇప్పుడు అదే కొట్లో ఫోను కవర్లు, ఛార్జర్లు అమ్ముతున్నాను.

మొన్నీమధ్య ఫోనుకి అద్దం వేయించుకోవడానికి ఒక నడివయసు ఆవిడ వచ్చింది. కరుణ. నన్ను గుర్తుపట్టి నవ్వింది. అమ్మ ఎలా ఉందని అడిగాను. ఉందని చెప్పింది. "మనవలకి జోల కూడా పాడనేదు మాయమ్మ. మూతి కదిపీది, సప్పుడు రానిచ్చీది కాదు" అంది మామూలుగా, ఎప్పుడో అలవాటైపోయిన సంగతి చెప్పినట్టు. అద్దం వంకరగా అతికించాను. బుడగలు పడ్డాయి. కొత్తది వేసిచ్చాను.

అసలు రికార్డింగు నా దగ్గర ఉంది. తాళం లేనిది. దాన్ని ఫోనులోకి ఎక్కించుకుని ఆ ఆదివారమే నౌపడ బండెక్కాను. దారిపొడుగునా మాటలు కూడబెట్టుకున్నాను. లోపల గదిలో కూర్చోబెట్టి, నెమ్మదిగా, ఇద్దరి మధ్యా చెప్పాలి. ముందు పాట వినిపించాలి. తర్వాత చెప్పాలి.

సారమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. చిక్కిపోయింది. కరుణ ఆమె భుజం తట్టి నన్ను చూపించి, చెవి దగ్గర గట్టిగా కేకేసింది, "పాటల కొట్టు బాబు!" అని. అప్పుడు అర్థమైంది నాకు. చెవులు పోయాయి. కొట్లో కరుణ ఆ సంగతి చెప్పలేదు, నేను అడగలేదు.

ఫోను సౌండు పూర్తిగా పెంచి ఆమె చెవికి ఆనించాను. ఆమె పాట వీధికంతా వినిపిస్తోంది. ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. సారమ్మ మర్యాదకి కాసేపు విని, ఫోను చేత్తో పక్కకి జరిపింది.

"ఏటో గుయ్యిమంటన్నాది బాబూ. ఏటది?"

నా ఏర్పాటంతా అక్కడ కూలిపోయింది. గుసగుసగా చెప్పుకుందామని వచ్చిన మాట కేకేసి చెప్పాలి. కొళాయి దగ్గర ఆడవాళ్లు ఉన్నారు. చర్చి నుంచి జనం ఇళ్లకు వస్తున్నారు. వెనక్కి తిరుగుదామా అనుకున్నాను. మీ దగ్గర దాచడమెందుకు, ఒక అడుగు తిరిగాను కూడా. మళ్లీ ఆమె ముందు కూర్చున్నాను.

"ఆ డిస్కుకి నేను తాళం ఏయించినానమ్మా! కంప్యూటర్లో పాడకుండా! మీకు సెప్పనేదు! తెలిసీ సెప్పనేదు!"

ఒకసారి చెబితే అందలేదు. రెండోసారి ఇంకా గట్టిగా అరిచాను. వీధి మొత్తం నిలబడిపోయింది. ఎవరో చెంబు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. సారమ్మ నా పెదాల వైపే చూస్తోంది. అర్థమవుతున్నకొద్దీ ఆమె మొహం మారుతోంది.

"అయితే ఆయన కాదేటి?" అంది.

"కాదమ్మా. నేనే."

"ఇన్నేళ్లూ ఆయన నా మీద అలిగినాడనుకున్నాను" అంది. నాతో కాదు. కరుణతోనూ కాదు. లేచి గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. కరుణ నన్ను కూర్చోమనలేదు, వెళ్లమనలేదు. మంచినీళ్లు ఇవ్వలేదు. నేను క్షమించమని అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

స్టేషను దాకా నడిచి వచ్చాను. చూసినవాళ్లందరూ నా వైపు వేలు చూపించారనే అనుకుంటాను. తల దించుకోవాలనిపించలేదు. వాళ్లకి తెలిసింది నిజమే కదా. ఆమె మళ్లీ పాడుతుందా? తన గొంతు తనకే వినబడని మనిషి పాడుతుందా? నాకు తెలియదు. తెలుసుకునే హక్కు కూడా నాకు లేదు.

బండి కదిలాక ఆకలేసింది. ఎన్నాళ్లకో నిజంగా ఆకలేసింది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మేవాడు వస్తే కొనుక్కున్నాను. ఆకలేసినందుకు సిగ్గనిపించింది. అయినా తిన్నాను.