నా గేమ్ మీద నాన్న పాట

పాత కంప్యూటర్లు బాగుచేసే పిచ్చి నాది. ఓడలో పనిచేసే మావయ్య నా చిన్నప్పుడు తెచ్చిన కంప్యూటర్‌కి ఆమధ్య మళ్ళీ ప్రాణం పోసి, నేను రాసుకున్న గేమ్ ఉన్న క్యాసెట్ పెట్టాను. గుర్తుందా, అప్పట్లో ప్రోగ్రాములు కూడా పాటల క్యాసెట్ల మీదే దాచుకునేవాళ్ళం. వింటే కీచుమని ఒకటే రొద.

తెర మీద ఏమీ రాలేదు. టేప్ రికార్డర్‌లో వేసి వింటే నాన్న గొంతు! కుక్కర్ విజిల్‌తో సహా, శ్రుతి తప్పిన కీర్తన. వేసవి సెలవులన్నీ ధారపోసి రాసిన గేమ్ అది!

"నువ్వేనా చెరిపింది?" అని అరిచాను.

నాన్న పేపర్లోంచి తలెత్తలేదు. "టేపు పాడైపోనాదనుకున్నాన్రా. ఒకటే గోల. ఏం, పాట బాగోనేదేటి?"

ఏం చెప్పను ఈయనకి? క్యాసెట్ వెనక అంచున ఉండే ప్లాస్టిక్ ముక్కలు విరిచేస్తే దాని మీద ఇంకేదీ రికార్డు కాదని మనకందరికీ తెలుసు. నేనే విరవలేదు.

సరే, గేమ్ మళ్ళీ రాశాను. దాచడానికి వన్ టౌన్ బజార్లన్నీ తిరిగినా ఖాళీ క్యాసెట్ దొరకలేదు.

"దీన్మీదే ఎక్కించీరా, నానేటీ అనుకోన్లే" అన్నాడు నాన్న.

విసుగ్గా స్క్రూడ్రైవర్ తీసుకుని, ఆ క్యాసెట్ వెనక ముక్కలు రెండూ విరిచేశాను.