మ్యూట్ చెయ్యని మైకు

కథలు రాయడంలో కూడా ఎమ్మే ఉంటుందని, అది ఫోనులోనే చదవొచ్చని చెబితే జాలరిపేటలో నన్ను ఎగతాళి చెయ్యనివాళ్లు లేరు. నేనూ మొండిదాన్నే, చేరాను. చివరి ఏడాది ఒక పెద్ద కథ రాసి, ఆన్‌లైన్ క్లాసులో అందరి ముందూ పూర్తిగా చదివితేనే పట్టా.

మా ఒడ్డున జరిగిన కొట్లాట రాశాను. వలల దగ్గర మాటామాటా పెరిగి మా అన్న పక్క పడవవాడి తలమీద తెడ్డుతో కొట్టాడు. మనిషి బతికాడు గానీ ఒక కన్ను పోయింది. కేసు ఇంకా నడుస్తోంది. కొట్టింది తాను కాదని అన్న కోర్టులో చెబుతున్నాడు. నేను కళ్లారా చూశాను.

మొదటి ప్రతి విని మాస్టారు పెదవి విరిచారు. "ఆ అన్న పేపర్లో సంపాదకీయంలా మాట్లాడుతున్నాడమ్మా. మీ పేట మనిషిలా మాట్లాడించు" అన్నారు. ఒళ్లు మండింది. ఎందుకంటే ఆయన అన్నది నిజమే.

ఆదివారం పొద్దున్న, తిరగరాసింది చదువుతున్నాను. సిగ్నల్ చాలక వీడియో ఆపేశాను. తెడ్డు పైకి లేచే చోటికి వచ్చేసరికి తలుపు తన్నుకుని అన్న లోపలికొచ్చాడు.

"ఏటే, నా గొడవ ఊరందరికీ సదివి ఇనిపిత్తన్నావా? నన్ను జైలుకి పంపుతావేటి?"

"ఎల్లన్నియ్యా, క్లాసు అవతంది!"

చెంప పగలగొట్టాడు. ఫోను కిందపడింది. జుట్టు పట్టుకుని నా తల గోడకేసి బాదాడు. "ఇంకో ముక్క సదివితే సంపేత్తానే!" నోరంతా రక్తం.

మైకు ఆపలేదు. కింద ఫోనులోంచి చప్పట్లు వినిపించాయి.

"అద్భుతం! ఇప్పుడు ప్రాణమొచ్చిందమ్మా ఆ పాత్రకి. ఎవరిచేత చదివించావు?" అంటున్నారు మాస్టారు.

అన్న చెయ్యి ఆగిపోయింది. "ఆళ్లు ఏటంతన్నారు?"

"నువ్వు బాగా సేసినావంట" అన్నాను.

ఫోను తీసి వీడియో పెట్టాను. చిట్లిన పెదవితో నన్ను, నా వెనక అన్నని అందరూ చూశారు. చప్పట్లు ఆగిపోయాయి. అన్న తువ్వాలు మొహానికి కప్పుకున్నాడు. "ఆపీయే, దండమెడతాను" అని బతిమాలాడు.

నాకు జాలి కలగలేదు. రాసేటప్పుడు కథలో అన్నకి వేరే పేరు పెట్టాను. ఆ పేరు వదిలేసి, అసలు పేరుతోనే చివరిదాకా చదివాను.