వాపసు అడిగిన కండ

నరసరావుపేటలో జిమ్ము వాళ్లతో గ్యారంటీ మీద బేరమాడిన మొదటి తండ్రిని నేనే అయి ఉంటాను. ఏడాది ఫీజు ఒక్కసారే కడతానని చెప్పి సగానికి తెగ్గొట్టాను. ఆపైన గోడ మీది కండల వీరుడి ఫొటో చూపించి, "మావాడి చెయ్యి ఇట్టా నిండుగా రావాల. రాకపోతే వాపసు," అన్నాను. కోచ్ నవ్వాడు. బట్టల కొట్లో పెరిగినవాణ్ని, ఆ నవ్వునే ఒప్పుకోలు కింద జమ వేసుకున్నాను.

జిమ్ముకి పంపమని మావాడే అడిగాడు. డిగ్రీలో చేరిన కొత్త, సన్నగా ఉన్నావని తోటివాళ్లు ఏడిపిస్తున్నారట. తెల్లారకముందే లేచేవాడు, ఉడకబెట్టిన గుడ్లు కళ్లు మూసుకుని మింగేవాడు. ఒక్కరోజూ మానలేదు. చెయ్యి లావెక్కింది కూడా. కానీ నా కళ్లు ఆ లావు మీదికి పోలేదు. మడిచినప్పుడు కండ పైనెక్కడో ముద్దలా లేచి, మోచేతి మడత దగ్గర ఖాళీ మిగిలేది. అదే జిమ్ముకి వచ్చే మా పక్క కొట్టు వాళ్లబ్బాయి సగం రోజులు ఎగ్గొట్టేవాడు, వాడి కండ మాత్రం మడత దాకా నిండుగా ఉండేది.

"ఏందిరా, డబ్బులు నావి, కండలు వాడివా?" అనేవాణ్ని అన్నాల దగ్గర. మావాడు కంచం వంక చూసేవాడు. మర్నాడు ఇంకాస్త బరువెత్తి వచ్చేవాడు.

ఏడాది నిండగానే వాణ్ని జబ్బ పట్టుకుని జిమ్ముకి లాక్కెళ్లాను. సాయంత్రం వేళ, జనం బాగానే ఉన్నారు. రెండు తానులు పక్కపక్కన పరిచి తేడా చూపించడం కొట్లో నాకు అలవాటు. అలాగే మావాణ్నీ, పక్క కొట్టు అబ్బాయినీ నిలబెట్టి చేతులు మడవమన్నాను.

"చూడవయ్యా, శాంపిల్ ఒకటి, సరుకు ఇంకొకటా?"

కోచ్ ఇబ్బంది పడ్డాడు. "బాబాయ్, మీవాడు చానా కష్టపడ్డాడు. కసరత్తు చేసి, తిని, నిద్రపోతే కండ లావయ్యిద్ది. అది ఎంత పొడుగుండాల, యాడ అతుక్కోవాలనేది పుట్టుకతోనే వచ్చిద్ది. ఆ ఖాళీ నేను పూడ్చలేను."

"ఫొటోలో వాడికి పూడ్చలా?"

"వాడికి అమ్మానాన్నలు ఇచ్చింది బాబాయ్. ఏదీ, మీ చెయ్యి మడవండి."

మడిచాను. మడతకీ కండకీ మధ్య కోచ్ వేళ్లు ఆనించాడు. మూడు పట్టాయి. మావాడి చేతి మీదా మూడే.

"సరుకు మీ కొట్లోదే బాబాయ్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. జిమ్మంతా గొల్లున నవ్వింది. బేరం ఓడితే నవ్వేయడం మా బజారు పద్ధతి, నేనూ నవ్వేశాను. మావాడు నవ్వలేదు. కొక్కేనికి వేలాడుతున్న ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తీసి తొడుక్కుని, మణికట్ల దగ్గర బొత్తాలు పెట్టుకున్నాడు.

బండి మీద నా వెనక కూర్చుని దారిలో ఒకే మాట అడిగాడు.

"నీ చెయ్యీ అంతేగా నాన్నా. అమ్మ నిన్నేమన్నా వాపసిచ్చిందా?"

బండి వేగం పెంచాను.

తర్వాత కోచ్ మొహమాటానికి ఇంకో ఏడాది ఊరికే రమ్మన్నాడు. మావాడు వెళ్లలేదు. పల్నాడు ఎండల్లో, కరెంటు పోయిన మధ్యాహ్నాలు కూడా, ఇంట్లో ఫుల్‌హ్యాండ్స్ చొక్కా చేతులు పైకి మడవడు. వాడు కోరి తెచ్చుకునే ఆ చొక్కాలు మా కొట్లోవే.

లెక్క ఇదీ. ఫీజులో సగం మిగిల్చింది నేను. మూడు వేళ్ల ఖాళీ ఇచ్చింది నేను. ఏడాదంతా కష్టపడి వాడు పెంచుకున్న చేతిని నలుగురిలో తక్కువ చేసిందీ నేనే. ఇందులో తగ్గింపు అడగడానికి నాకెక్కడా సందు కనపడలేదు.